చందమామ మీద దీపం ఎవరు పెట్టారు?

చంద్రుడి పాఠం మనందరం చదివిందే. అక్కడ గాలి లేదు. మబ్బులు లేవు. గాలి లేదు కాబట్టి మంట మండదు. అగ్నిపర్వతాలు ఏనాడో చల్లారిపోయాయి. పగలు మాడ్చే ఎండ, రాత్రి గడ్డకట్టించే చలి తప్ప అక్కడ జరిగేదేమీ లేదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. అయితే చంద్రుడి మీద వెలుగు చూశామని చెప్పినవాళ్లు వందల మంది ఉన్నారన్న సంగతి పాఠంలో లేదు. ఎర్రని చుక్క వెలిగి కొద్ది నిమిషాల్లో ఆరిపోయిందని ఒకరు, నీలి మసక కమ్మిందని ఇంకొకరు, తళుక్కున మెరిసి మాయమైందని మరొకరు చెప్పారు. వీళ్లలో మఠంలోని సన్యాసులున్నారు, పేరుమోసిన శాస్త్రజ్ఞులున్నారు, చంద్రుడి దాకా వెళ్లి వచ్చిన వ్యోమగాములు కూడా ఉన్నారు.

ఇలాంటి వాటిని ఇంగ్లీషులో ట్రాన్సియెంట్ లూనార్ ఫినామినా అంటారు. ఆ పేరు పెట్టింది బ్రిటన్‌కు చెందిన పాట్రిక్ మూర్. పొట్టిగా టి.ఎల్.పి. అని రాస్తారు. మేము ఈ వ్యాసంలో వాటిని 'చంద్ర వెలుగులు' అనే పిలుచుకుంటాం. 1968లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక జాబితా అచ్చువేసింది. 1540 నుంచి 1967 వరకు ఎవరెవరు ఎప్పుడు ఏం చూశామన్నారో అందులో వరుసగా ఉంది. మొత్తం 579 నమోదులు. పదేళ్ల తర్వాత, 1978లో, వినిఫ్రెడ్ కామెరాన్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన జాబితాలో ఆ సంఖ్య దాదాపు 1,500కు చేరింది.

ఇంతమంది చెప్పారంటే నిజమే అయి ఉండాలని మనలో కొందరికి అనిపిస్తుంది. ఇంతమంది చెప్పినా ఇన్నాళ్లూ తేలలేదంటే అబద్ధమేనని ఇంకొందరికి అనిపిస్తుంది. మాకు రెండూ తొందరపాటు మాటలుగానే తోస్తున్నాయి. ఒక మనిషి ఒక్కడే చూశాడు. అది నాలుగు నిమిషాలు ఉండి పోయింది. మళ్లీ రాలేదు. అతను అబద్ధాలకోరు కాదు. అప్పుడు ఆ మాటను ఏం చేయాలి? కొట్టిపారేయాలా, నెత్తిన పెట్టుకోవాలా? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు జవాబు వెతికిన తీరే ఈ పాఠం.

నివురుగప్పిన నిప్పు

విలియం హెర్షెల్ పేరు మనకు తెలుసు. 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన మహానుభావుడు. మొదట వాద్యాలు వాయించి పొట్టపోసుకున్న సంగీతకారుడు. తన టెలిస్కోపు అద్దాలను తానే అరగదీసి చేసుకునేవాడు. ఆ రోజుల్లో అంతకన్నా మంచి టెలిస్కోపులు ప్రపంచంలో లేవు. యురేనస్ తర్వాత ఇంగ్లండు రాజు ఆయనను తన సొంత ఖగోళ శాస్త్రజ్ఞుడిగా పెట్టుకున్నాడు.

1787 ఏప్రిల్ 19 రాత్రి ఆయన నెలవంకను చూస్తున్నాడు. వెలుగు పడని చీకటి భాగంలో మూడుచోట్ల ఎర్రగా వెలుగుతున్నట్టు కనిపించింది. వాటిలో ఒకటి పల్చటి తెల్లని బూడిద కప్పుకున్న బొగ్గులా ఉందని రాసుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే అచ్చం నివురుగప్పిన నిప్పు! మర్నాడు చూస్తే అది మరింత ప్రకాశంగా ఉందట. చంద్రుడిపై మూడు అగ్నిపర్వతాలు ఉన్నాయని ఆయన ఇంగ్లండులోని రాయల్ సొసైటీకి వ్యాసమే సమర్పించాడు.

ఇప్పుడు మనం అసలు సంగతి చూద్దాం. విదియ, తదియ రోజుల్లో చంద్రుణ్ణి జాగ్రత్తగా చూడండి. సన్నని వంక మాత్రమే కాదు, మిగతా గుండ్రం కూడా బూడిద రంగులో లీలగా కనిపిస్తుంది. ఆ బూడిద వెలుగు ఎక్కడిది? మన భూమిదే. సూర్యకాంతి భూమి మీద పడి, తిరిగి చంద్రుడి మీదకు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ మన కంటికి వస్తుంది. దీన్ని భూకాంతి అంటారు. మనకు నెలవంక ఉన్న రోజున చంద్రుడి మీద నిలబడి చూస్తే భూమి దాదాపు పౌర్ణమి బింబంలా కనిపిస్తుంది. భూమి బింబం చంద్రబింబం కంటే వైశాల్యంలో 13 రెట్లకు పైగా పెద్దది, పైగా మన మబ్బులు, మంచు వెలుతురును బాగా తిప్పికొడతాయి. అందుకే అక్కడి 'పిండి భూమి' మన పిండివెన్నెల కంటే ముప్పై, నలభై రెట్లు ప్రకాశంగా ఉంటుంది.

ఆ భూకాంతిలో చంద్రుడి నేలంతా మసకగా ఉన్నా ఒక్కచోటు మాత్రం ప్రత్యేకంగా మెరుస్తుంది. దాని పేరు అరిస్టార్కస్. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని కొపర్నికస్ కంటే ఎంతో ముందే చెప్పిన గ్రీకు పండితుడి పేరు దానికి పెట్టారు. అది ఒక పెద్ద ఉల్క గుద్దినప్పుడు ఏర్పడిన గుంట. వెడల్పు 40 కిలోమీటర్లు. దాని వయసు 45 కోట్ల సంవత్సరాలని అంచనా. చంద్రుడి లెక్కలో అది నిన్న మొన్నటిది, కాబట్టి లోపలి తెల్లని రాయి ఇంకా నల్లబడలేదు. చంద్రుడి ముఖం మీద పెద్ద గుంటలన్నిటిలో ప్రకాశమైనది అదే. హెర్షెల్ చూసిన 'నిప్పు' భూకాంతిలో మెరుస్తున్న అరిస్టార్కస్ అని ఇప్పుడు ఎక్కువ మంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రోజు రోజుకూ చంద్రుడు సూర్యుడికి దూరంగా, చీకటి ఆకాశంలోకి జరుగుతాడు కాబట్టి రెండో రోజు బాగా కనపడింది. ఆయన కళ్లకు కనిపించింది నిజమే, అగ్నిపర్వతం అన్న మాట మాత్రం నిలబడలేదు. రాజుగారి కొలువు, యురేనస్ కీర్తి, గొప్ప టెలిస్కోపు ఏవీ ఆ మాటను నిలబెట్టలేకపోయాయి.

చీలిన కొమ్ము

హెర్షెల్ కంటే ఆరు వందల ఏళ్ల ముందు కథ ఇంకొకటుంది. 1178 జూన్ 18 సాయంత్రం ఇంగ్లండులోని కాంటర్‌బరీలో ఐదుగురు నెలవంకను చూశారు. దాని పై కొమ్ము రెండుగా చీలి, మధ్యలోంచి మంట, నిప్పురవ్వలు చిమ్మాయని చెప్పారు. అక్కడి మఠంలో చరిత్ర రాసే గెర్వేస్ అనే సన్యాసి ఆ మాటలను గ్రంథంలోకి ఎక్కించాడు. అప్పటికి టెలిస్కోపు లేనే లేదు.

1976లో జాక్ హార్టుంగ్ అనే శాస్త్రవేత్త, చంద్రుడిపై ఉన్న జోర్డానో బ్రూనో అనే 22 కిలోమీటర్ల గుంట ఆ సాయంత్రమే ఏర్పడి ఉంటుందని ప్రతిపాదించాడు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. పుస్తకాలకు ఎక్కింది. కానీ 2001లో అప్పటికింకా విద్యార్థిగా ఉన్న పాల్ విదర్స్ ఒక చిన్న ప్రశ్న వేశాడు. అంత పెద్ద గుంట పడితే కోటానుకోట్ల రాళ్లు ఎగిరి భూమి వైపు వస్తాయి. దాదాపు వారం పాటు ఆకాశం నుంచి చుక్కలు వానలా రాలాలి. మరి చైనాలో, అరబ్బు దేశాల్లో, యూరపులో ఆకాశాన్ని రోజూ రాసి పెట్టేవాళ్లు ఒక్కరైనా ఆ సంగతి ఎందుకు రాయలేదు? జపాన్ వ్యోమనౌక కగూయా తీసిన ఫోటోలను బట్టి ఆ గుంట వయసు పది లక్షల ఏళ్లకు తక్కువ కాదని తర్వాత తేలింది. బహుశా ఆ ఐదుగురు నిలబడ్డ చోటికి, చంద్రుడికి మధ్య మన గాలిలోనే ఒక ఉల్క సూటిగా వచ్చి మండి ఉంటుంది. అలాగైతే ఆ ఒక్క ఊరివాళ్లకే అది చంద్రుడి మీద కనిపిస్తుంది, పది ఊళ్ల అవతలివాళ్లకు పక్కన కనిపిస్తుంది.

ఐదుగురు చూసినా ఒకే చోట నిలబడి చూస్తే ఒక్కరు చూసినట్టే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు మళ్లీ అవసరం పడుతుంది.

టార్చి ఎక్కడ పడితే అక్కడే పాము

ఇరవయ్యో శతాబ్దంలో రెండు సంఘటనలు ఈ విషయాన్ని శాస్త్రజ్ఞుల బల్ల మీదకు తెచ్చాయి.

మొదటిది సోవియట్ యూనియన్‌లో. నికొలాయ్ కోజిరెవ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుణ్ణి స్టాలిన్ కాలంలో, 1936లో అరెస్టు చేశారు. జైళ్లలో, శిబిరాల్లో పదేళ్లు గడిపి 1946 చివర బయటపడ్డాడు. మనిషి చితికిపోవలసిందే, కానీ తిరిగి టెలిస్కోపు దగ్గరకే వచ్చాడు. చంద్రుడి లోపల ఇంకా వేడి ఉందని ఆయన నమ్మకం. 1958 నవంబరు 3న క్రిమియాలోని అబ్జర్వేటరీలో అల్ఫోన్సస్ అనే గుంట మధ్య శిఖరాన్ని చూస్తుండగా అక్కడ ఎర్రని మసక, ఆ తర్వాత ప్రకాశం కనిపించాయి. ఆయన చూసి ఊరుకోలేదు, ఆ కాంతిని విడదీసి వర్ణపటాన్ని ఫోటో తీశాడు. అందులో కర్బన వాయువు జాడలు ఉన్నాయని ప్రకటించాడు. ఫోటో అబద్ధం కాదు కదా అన్నవాళ్లూ ఉన్నారు, దానికి అర్థం అది కాదన్నవాళ్లూ ఉన్నారు. 1965 మార్చి 24న అమెరికా పంపిన రేంజర్-9 నౌక అదే అల్ఫోన్సస్‌లో కూలుతూ 5,800కు పైగా ఫోటోలు పంపింది. వాయువు చిమ్ముతున్న జాడ ఏదీ వాటిలో దొరకలేదు. కోజిరెవ్ వర్ణపటం మీద వాదం మాత్రం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

రెండోది అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో. లోవెల్ అబ్జర్వేటరీలో జేమ్స్ గ్రీనేకర్, ఎడ్వర్డ్ బార్ అనే ఇద్దరు వైమానిక దళం కోసం చంద్రుడి పటాలు గీస్తున్నారు. చంద్రుణ్ణి చూడడమే వాళ్ల ఉద్యోగం, రోజూ చూసే ముఖం. 1963 అక్టోబరు చివరలో ఒక రాత్రి అరిస్టార్కస్ పక్కన ఎర్రని, నారింజ రంగు మచ్చలు కనిపించి కొద్దిసేపటికి పోయాయి. నవంబరు చివర మళ్లీ కనిపించాయని రాశారు. పటాలు గీసేవాళ్లు ఉత్తినే చెప్పరు కదా అని లోకం నమ్మింది. నాసా కూడా శ్రద్ధ చూపింది. ఎర్ర ఫిల్టరు, నీలి ఫిల్టరు మార్చిమార్చి పెట్టి చూసే పరికరాలు తయారయ్యాయి. నిజంగా ఎర్రని మచ్చ ఉంటే ఒక ఫిల్టరులో ప్రకాశంగా, రెండోదానిలో నల్లగా కనిపించి మినుకుమినుకుమంటుంది.

కానీ ఇక్కడ చూసిన ఇద్దరిదీ ఒకే టెలిస్కోపు, ఒకే గాలి. కాంటర్‌బరీ ఐదుగురి సంగతి మళ్లీ గుర్తు చేసుకోండి. చంద్రుడు ఆకాశంలో కిందికి ఉన్నప్పుడు ఆ వెలుతురు చాలా మందమైన గాలి పొరలోంచి రావాలి. ఆ గాలి గాజు పట్టకం లాగా పనిచేసి రంగులను విడదీస్తుంది. ప్రకాశమైన గుంటకు ఒక అంచున ఎరుపు, రెండో అంచున నీలం పూస్తుంది. గాలి కుదురుగా లేకపోతే ఆ రంగు వచ్చి పోతుంటుంది. పొయ్యి మీది వేడిగాలిలోంచి అవతలి గోడను చూస్తే గోడ కదిలినట్టు కనిపించదూ, అలాంటిదే. కటకాలతో చేసిన టెలిస్కోపులు సొంతంగా కూడా కాస్త రంగు అంటిస్తాయి.

ఇంకో చిక్కు ఉంది. ఈ వెలుగుల జాబితాల్లో దాదాపు మూడో వంతు అరిస్టార్కస్ చుట్టుపక్కలే కనిపించాయి. అయితే అక్కడ ఏదో ఉన్నట్టే కదా? ఒక్క క్షణం ఆగండి. హాస్టల్లో ఒక రాత్రి బాత్‌రూముల వెనక పాము కనిపించిందని ఎవరో అరిచారనుకోండి. ఆ రోజు నుంచి ప్రతివాడి టార్చి అక్కడే పడుతుంది. తాడు ముక్క కనిపించినా పామే, సైకిల్ ట్యూబు కనిపించినా పామే. నెల తర్వాత లెక్క తీస్తే పాములన్నీ బాత్‌రూముల వెనకే ఉంటాయి. పాము అక్కడ ఎక్కువ ఉందా, టార్చి అక్కడ ఎక్కువ పడిందా? 1963 తర్వాత చంద్రుణ్ణి చూసేవాళ్ల టెలిస్కోపులన్నీ అరిస్టార్కస్ వైపే తిరిగాయి. మేము చదివినంతలో ఈ విషయం మొత్తంలో అతి ముఖ్యమైన మెలిక ఇదే.

చంద్రుడి దగ్గరకు వెళ్లినవాళ్ల సాక్ష్యం కూడా ఈ మెలిక నుంచి తప్పించుకోలేదు. 1969 జూలై 19న అపోలో-11 చంద్రుడి కక్ష్యలో తిరుగుతుండగా, అరిస్టార్కస్ దగ్గర వెలుగు కనిపిస్తోందని భూమి మీది పరిశీలకులు చెప్పారు, కాస్త చూడమని హ్యూస్టన్ నుంచి అడిగారు. చుట్టుపక్కల కంటే అక్కడ చాలా వెలుగుగా ఉందని ఆర్మ్‌స్ట్రాంగ్ జవాబిచ్చాడు. కానీ భూకాంతిలో అది ఎప్పుడూ వెలుగుగానే ఉంటుందని మనం పైన చెప్పుకున్నాం. 1972 డిసెంబరులో అపోలో-17 వ్యోమగామి హారిసన్ ష్మిట్‌కు గ్రిమాల్డి గుంట దగ్గర ఒక మెరుపు కనిపించింది. ఆయన స్వయంగా భూగర్భ శాస్త్రజ్ఞుడు. అది ఉల్క దెబ్బ కావచ్చు. కాకపోనూవచ్చు, ఎందుకంటే అపోలో వ్యోమగాములకు కళ్లు మూసుకున్నా మెరుపులు కనిపించేవి! కాస్మిక్ కిరణాలు సూటిగా కంట్లోంచి దూసుకుపోవడం వల్ల అలా జరిగేది.

దెబ్బ తగిలిన గుర్తు

ఇన్ని తేలని కథల తర్వాత తేలిన కథ ఒకటి చెప్పుకుందాం. 1999 నవంబరులో లియోనిడ్ ఉల్కల వాన పడుతోంది. ఆ ఉల్కలు భూమి మీద పడుతున్నప్పుడు పక్కనే ఉన్న చంద్రుడి మీదా పడాలి కదా అని కొందరు చంద్రుడి చీకటి భాగం వైపు చూస్తూ కూర్చున్నారు. టెక్సాస్‌లో బ్రయన్ కడ్నిక్ టెలిస్కోపులో కంటితోనే చూస్తున్నాడు. క్షణంలో మెరుపు! వెంటనే సమయం రాసుకున్నాడు. రెండు వేల కిలోమీటర్ల దూరంలో, మేరీలాండ్‌లో డేవిడ్ డన్‌హమ్ అదే చంద్రుణ్ణి చిన్న టెలిస్కోపుతో వీడియో టేపు మీద రికార్డు చేస్తున్నాడు. టేపు వెనక్కి తిప్పి ఆ సమయం దగ్గర ఆపి చూస్తే అక్కడ మెరుపు ఉంది. మన గాలిలోని ఉల్క అయితే ఇద్దరికీ చంద్రుడి మీద ఒకేచోట కనిపించదు. టెలిస్కోపు లోపమైతే రెండింటిలో ఒకే క్షణాన రాదు. రెండు వందల ఏళ్ల కిందట హెర్షెల్‌కు లేనిదీ, ఆ రాత్రి కడ్నిక్‌కు ఉన్నదీ ఇదే. ఆయన పేరు లోకానికి తెలియకపోయినా మాట నిలబడింది.

గాలి లేనిచోట మెరుపెలా వస్తుందని తమ్ముళ్లకు అనుమానం రావచ్చు. ఇది మంట కాదు, వేడి. 2013 మార్చి 17న మేర్ ఇంబ్రియం మైదానంలో పడిన రాయి లెక్క చూడండి. తొలి అంచనా ప్రకారం దాని బరువు సుమారు 40 కిలోలు, అంటే ఒక చిన్న సిమెంటు బస్తా. వేగం సెకనుకు 25 కిలోమీటర్లు. మన తొమ్మిదో తరగతి గతిజ శక్తి సూత్రంలో వేస్తే 1,250 కోట్ల జౌళ్లు వస్తుంది. పది టన్నుల పల్లెవెలుగు బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని శక్తి 14 లక్షల జౌళ్ల లోపే. అంటే దాదాపు తొమ్మిది వేల బస్సులు ఒకేసారి, ఒకేచోట గుద్దినట్టు! రాయి, నేల కరిగి ఆవిరై తెల్లగా వెలుగుతాయి. ఒక సెకను పాటు అది మామూలు కంటికి కూడా అందే నక్షత్రమంత వెలిగింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా గొప్ప సంగతి. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఎల్.ఆర్.ఓ. నౌక ఆ చోటును మళ్లీ ఫోటో తీసింది. పాత ఫోటోలో లేని గుంట కొత్త ఫోటోలో ఉంది. వెడల్పు 18 మీటర్లు. అదే ఏడాది సెప్టెంబరు 11న స్పెయిన్‌లోని కెమెరాలకు చిక్కిన మరో మెరుపు చోట 34 మీటర్ల గుంట దొరికింది. 2019 జనవరి 21న సంపూర్ణ చంద్రగ్రహణం వేళ పడిన మెరుపునైతే ప్రపంచంలో ఎంతోమంది ఒకేసారి రికార్డు చేశారు.

ఇప్పుడు ఈ పని క్రమం తప్పకుండా సాగుతోంది. 2017లో గ్రీసులో ఐరోపా అంతరిక్ష సంస్థ తరఫున మొదలైన పరిశీలనలో 1.2 మీటర్ల టెలిస్కోపుకు రెండు కెమెరాలు బిగించారు. మెరుపు రెండు కెమెరాల్లోనూ పడితేనే లెక్క. ఒకదానిలోనే పడితే కాస్మిక్ కిరణం కెమెరాకు తగిలిందనుకుని పక్కన పెడతారు. అటుగా పోయే ఉపగ్రహాల తళుకులను ఏరివేయడం వేరే పని.

ఇంకా మిగిలింది

కాబట్టి క్షణకాలపు మెరుపుల సంగతి తేలింది. నిమిషాల కొద్దీ నిలిచే ఎర్రని వెలుగుల సంగతి తేలలేదు. వాటిలో ఎక్కువ భాగం మన గాలి, మన కటకాలు, మన ఆశ చేసిన పనేనని మా అభిప్రాయం. అయితే చంద్రుడు పూర్తిగా చచ్చిన గోళమని కొట్టిపారేయడానికీ వీల్లేదు. 1971లో అపోలో-15 నౌక, 1998-99లో లూనార్ ప్రాస్పెక్టర్ నౌక అరిస్టార్కస్ ప్రాంతం నుంచి రేడాన్ వాయువు వస్తున్నట్టు గుర్తించాయి. రేడాన్ అర్ధాయువు నాలుగు రోజుల లోపే. అంటే అది పాతకాలపు నిల్వ కాదు, అప్పటికప్పుడు నేలలోంచి ఊరినదే. ఈ రేడాన్ కంటికి కనిపించేటంత వెలుగు ఇవ్వదు, కానీ లోపలి నుంచి పగుళ్ల ద్వారా వాయువు బయటికి వస్తోందని చెబుతుంది. మన శ్రీహరికోట నుంచి 2019లో వెళ్లిన చంద్రయాన్-2 లోని ఛేస్-2 పరికరం చంద్రుడి పైన ఆర్గాన్-40 వాయువు ఎలా పరుచుకుని ఉందో కొలిచింది. అదీ నేలలోని పొటాషియం క్షీణించి పుట్టి, పైకి ఊరి వచ్చేదే. ఇలాంటి వాయువు ఒక్కోసారి ఒక్కసారిగా పొంగి ధూళిని లేపితే, ఆ ధూళి మీద ఎండ పడి కొద్దిసేపు వెలుగు కనిపించవచ్చునని కొందరు శాస్త్రజ్ఞుల వాదన. రెండు వేర్వేరు చోట్ల నుంచి ఒకేసారి తీసిన ఫోటో దొరికే దాకా అది వాదనే.

మన డాబా మీద నుంచి ఏం చేయవచ్చో చెప్పి ముగిస్తాం. అమావాస్య తర్వాత తదియ నుంచి షష్ఠి దాకా, సూర్యుడు పూర్తిగా అస్తమించాక, మామూలు బైనాక్యులర్‌తో చంద్రుడి బూడిద భాగాన్ని చూడండి. చేతులు వణకకుండా పిట్టగోడకు ఆనించాలి. చీకటి భాగంలో ఒక లేత తెల్లని చుక్క కనిపిస్తే అదే అరిస్టార్కస్, హెర్షెల్‌కు కనిపించిన నిప్పు. శుద్ధ ఏకాదశి ప్రాంతానికి గానీ దాని మీద సూర్యుడు ఉదయించడు. మెరుపుల కోసమైతే ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, దానికి వీడియో కెమెరా కావాలి. ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో వచ్చే జెమినిడ్ ఉల్కల వేళకు సాయంత్రం నెలవంక ఉన్న సంవత్సరాలు అందుకు అనుకూలం. 2026లో డిసెంబరు 9న అమావాస్య కాబట్టి ఆ ఏడాది అలాంటిదే. మన పూర్వ విద్యార్థుల్లో కొందరు కాలేజీల్లో ఉపాధ్యాయులుగా ఉన్నారు. వేర్వేరు జిల్లాల్లో ఇద్దరు అన్నలో అక్కలో ఒకే రాత్రి కెమెరాలు పెడితే చాలు. చూసినవాళ్లు నోట్‌బుక్కులో రాయవలసినవి ఇవి: ఊరి పేరు, తేదీ, సెకన్లతో సహా సమయం, చంద్రుడు ఎంత ఎత్తులో ఉన్నాడు, మబ్బు ఉందా లేదా, ఏ పరికరం, ఎంతసేపు చూశారు. ఏమీ కనిపించని రాత్రి కూడా ఇవన్నీ రాయాలి, చివర 'ఏమీ కనిపించలేదు' అని రాసి సంతకం పెట్టాలి.